జరిపితే బయటికొచ్చే కీబోర్డు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, విమానం దిగి నేరుగా ఇక్కడికొచ్చినవాళ్లున్నారు. నేను టైపు మిషన్ మెకానిక్కుని. 1975లో ఈ బడిలో పదో తరగతి అయింది. ఇంటరు గట్టెక్కించి బందరులో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా బందరు, గుడివాడ, అవనిగడ్డ ఆఫీసుల్లోనూ, టైపు ఇన్‌స్టిట్యూట్లలోనూ మిషన్లు విప్పడం, బిగించడం, అదే నా బతుకు. కార్యవర్గం వారు "నీకు తెలిసిన విషయమేదైనా మాట్లాడవయ్యా" అన్నారు. నాకు తెలిసింది కీల సంగతే. అందుకని ఒక సెల్‌ఫోను గురించి మాట్లాడతాను. తెరను పక్కకి తోస్తే దాని కింద నుంచి నిజమైన కీబోర్డు బయటికొచ్చే ఫోను అది. రెండు నెలలు దాన్ని పరీక్ష చేశాం. చేశాం అంటే నేనూ, మా బ్యాచిలోవాడే ఇంకొకడూ. వాడు తన పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి మావాడు అనే అంటాను. మా బ్యాచివాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది, నవ్వుకుంటే నవ్వుకోండి.

మావాడు ప్రభుత్వ ఆఫీసులో తెలుగు టైపిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. చేతిలో వేగం ఎంతటిదంటే, నేను మిషను బాగుచేసి ఇచ్చాక వాడొకసారి కొట్టి చూసి సరే అంటేనే బిల్లు రాసేవాణ్ణి. షుగరు కళ్లకెక్కింది. నాలుగేళ్లుగా చూపు లేదు. వెలుగుకీ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే.

ఈ సంచిక కోసం 1977 ఉప్పెన మీద ఎవరైనా రాయాలని కార్యవర్గం అనుకుంది. నవంబరు 19, శనివారం. మన వయసువాళ్లకి ఆ రాత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. మొవ్వలో మనకి గాలి వాన, కూలిన చెట్లు, ఎగిరిపోయిన పాకలు. సముద్రం మీదపడింది దివిసీమ మీద. సర్కారు లెక్కల్లోనే దాదాపు 10 వేలమంది పోయారు. అప్పుడు మావాడు డిగ్రీ మొదటి సంవత్సరం. మూడో రోజున కుర్రాళ్లతో కలిసి కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ దాకా కొంత లారీలో, కొంత నడిచి వెళ్లాడు. పన్నెండు రోజులున్నాడు. ఏం పని చేశాడో మీరు ఊహించుకోగలరు. అప్పుడక్కడ ఉన్న పని ఒక్కటే. వాడు తిరిగొచ్చాక దాని గురించి ఒక్క ముక్క మాట్లాడగా నేను వినలేదు. నేనప్పుడు బందరు వర్క్‌షాపులో, ఉప్పునీళ్లు తాగిన ఆఫీసు మిషన్లని కిరసనాయిల్లో ముంచి కడుగుతున్నాను. చాలావాటికి కీలు బిగుసుకుపోయాయి, మళ్లీ లేవలేదు.

కార్యవర్గం అడిగితే వాడు ఒప్పుకున్నాడు. నేనే ఆశ్చర్యపోయాను. కానీ షరతు పెట్టాడు. "చెప్పను. రాస్తాను."

"చూపు లేదు కదరా, నువ్వు చెప్పు, మా మనవరాలు రాసిపెడుతుంది" అన్నాను. "ఆ పిల్లకి ఇవన్నీ చెప్పాలా? మీ చెల్లెమ్మకే ఇన్నేళ్లుగా చెప్పలేదురా" అన్నాడు. ఫోనుకే చెప్పరాదా అన్నాను. 2017 నుంచి గూగుల్‌లో తెలుగు మాట వింటే అక్షరాలు వేసే సదుపాయముంది, ఇప్పుడు బాగానే వేస్తోంది కూడా. ప్రయత్నించాడు. కరకట్ట అంటే ఒకసారి కరెక్టుగా వేసింది, ఇంకోసారి వేరే ఏదో వేసింది. అది పెద్ద విషయం కాదు, దిద్దుకోవచ్చు. అసలు కారణం వేరే. "పైకి చెబితే గొంతు పట్టేస్తుంది. ఇంట్లో అందరికీ వినపడుతుంది. రాస్తే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, ఆగినట్టు ఎవరికీ తెలీదు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇక వాడు రాయడానికి సాధనం వెతకడమే నా పని అయింది.

మామూలు ఫోను అద్దం మీద చూపులేనివాళ్లు రాయగలరు. చదివి వినిపించే ప్రోగ్రాము ఆ ఫోన్లలోనే ఉంటుంది. అద్దం మీద వేలు జారుస్తూ పోతుంటే ఏ అక్షరం మీదుంటే ఆ అక్షరం పలుకుతుంది. కావలసింది వినపడ్డప్పుడు వేలెత్తితే అది పడుతుంది. కనిపెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి. కానీ ఒక టైపిస్టుకి ఇది ఎలాంటిదంటే, ఈదడం వచ్చినవాణ్ణి పట్టుకుని ఒడ్డున పాకుతూ పొమ్మన్నట్టు. మావాడు తను రాయదలుచుకున్న మొదటి పేరా ఒక్కటీ అద్దం మీద రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. విసుగొచ్చి ఫోను మంచం మీద పడేశాడు.

ఇక్కడ టైపు నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పామర్రులోనో బందరులోనో ఇన్‌స్టిట్యూటుకి పొద్దున్నే సైకిలేసుకుని వెళ్లి, ఏ ఎస్ డి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె కొట్టిన చేతులే మనవి. లోయరు, హయ్యరు పరీక్షలకి సాంకేతిక విద్యామండలి హాల్‌టికెట్లు పట్టుకుని తిరిగినవాళ్లమే. ఆ చదువంతా ఒక్కటే నేర్పింది: కీల వంక చూడకూడదు. వేలికి తన ఇల్లు తెలియాలి. ఇప్పటి కంప్యూటరు కీబోర్డు మీద ఎఫ్ కీకీ, జె కీకీ చిన్న గీతలాంటి బొడిపె ఉంటుంది, తడిమి చూడండి. చూపుడువేళ్లు రెండూ అక్కడ ఆనితే మిగతా ఎనిమిదీ వాటంతటవే సర్దుకుంటాయి. చూపు పోయినా మావాడికి ఆ చదువు పోలేదు. అద్దానికి బొడిపె లేదు, అంచు లేదు, లోతు లేదు. అందుకే కీలున్న ఫోను దొరికితే బాగుండునని నాకనిపించింది.

అలాంటివి ఒకప్పుడు బాగానే వచ్చేవి. 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోను, హెచ్‌టీసీ డ్రీమ్, తెర జరిపితే కీబోర్డు బయటికొచ్చే రకమే. నోకియా వాళ్లవి 2009లో ఎన్ 97, 2011లో ఈ 7 వచ్చాయి. 2016 జనవరిలో బ్లాక్‌బెర్రీ ప్రివ్ మన దేశంలోకి వచ్చింది, ధర 62,990 రూపాయలు. అది నిలువుగా జరిగేది. 2019లో లండన్ కంపెనీ ఒకటి ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో 1 అని 64 కీలతో అడ్డంగా జరిగేది తెచ్చింది. ఆ తర్వాత ఈ జాతి దాదాపు అంతరించినట్టే. ఎందుకు అంతరించిందో మెకానిక్కుగా నాకు తెలుసు. కదిలే భాగం ఉన్నచోట అరుగుదల ఉంటుంది, అరుగుదల ఉన్నచోట రిపేరు ఉంటుంది. కంపెనీకి మందం పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. పైగా ఒక్కో దేశానికి కీల మీద ఒక్కో లిపి అచ్చుకొట్టాలి. అద్దమైతే ఏ లిపి కావాలంటే ఆ లిపి గీసుకుంటుంది. న్యాయంగా చెప్పాలంటే మన తెలుగుకి అద్దం చేసిన మేలు చిన్నది కాదు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగు చూపించడం మొదలుపెట్టాకే కదా మన పల్లెల్లో తెలుగులో కబుర్లు రాసుకోవడం పెరిగింది. కీల మీద తెలుగు అచ్చుకొట్టిన ఫోను కోసం కూర్చుంటే ఇప్పటికీ కూర్చునే ఉండేవాళ్లం.

మన సంఘంలోనే ఒక తమ్ముడు హైదరాబాదులో తన అల్మరాలో పడున్న అలాంటి ఫోనొకటి పంపించాడు. అది ఏ కంపెనీదో చెప్పను. చెప్పి ఉపయోగం లేదు, ఇప్పుడు కొత్తది దొరకదు.

ముందు మెకానిక్కుగా నా పరీక్ష. కిరాణా కొట్లో త్రాసు మీద పెట్టాను. పావుకిలోకి కాస్త తక్కువ. జేబులో వేసుకుంటే చొక్కా ఒకపక్కకి లాగుతుంది. రెండు బొటనవేళ్లతో తెర అంచుని పైకి తోస్తే ఠక్కుమని తెరుచుకుని నిలబడుతుంది. ఆ ఠక్కులో అనుమానం లేదు. స్ప్రింగు పని బాగా తెలిసినవాడెవడో చేశాడు. కీ నొక్కితే గోరుమందం దిగుతుంది, దిగినట్టు వేలికి తెలుస్తుంది, తిరిగి లేస్తుంది. పక్క కీకీ దీనికీ మధ్య సందు వేలికి అందుతుంది. పై వరుస మాత్రం తెర అంచుకి మరీ దగ్గర, బొటనవేలి గోరు తెరకి కొట్టుకుంటుంది. కీల కింద లైటు వెలుగుతుందిరా అని మావాడికి గొప్పగా చెప్పాను. "నాకెందుకురా, నువ్వుంచుకో" అన్నాడు.

ఎఫ్, జె కీల మీద బొడిపెలు లేవు. అదొక్కటే నాకు కోపం తెప్పించింది. కీబోర్డు పెట్టాలని ఇంత కష్టపడినవాళ్లు రెండు బొడిపెలు పెట్టలేకపోయారా? చెల్లెమ్మ దగ్గర రెండు బొట్టుబిళ్లలు అడిగి అంటించాను. రెండు రోజులకి చెమటకి ఊడాయి. తర్వాత ఎంసీల్ చిటికెడు తీసి చుక్కలు పెట్టాను. అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఇక మావాడి పరీక్ష. మొదటిరోజే ఒక సంగతి బయటపడింది. టైపిస్టు విద్య పది వేళ్లది. ఈ ఫోను మీద పని రెండు బొటనవేళ్లది. స్పేసు కొట్టడం తప్ప జన్మలో ఇంకే పనీ చేయని వేళ్లు అవి. ఎక్కడ ఏ అక్షరముందో మావాడి బుర్రకి తెలుసు, చూపుడువేలికి తెలుసు, బొటనవేలికి తెలీదు. అయినా వాడు మానలేదు. కీకి అంచుంది కదా, లెక్కపెట్టుకుంటూ వెళ్లొచ్చు. అద్దం మీద నలభై నిమిషాలు పట్టిన పేరాని మొదటి వారం ఇందులో అరగంటలో రాశాడు. ఐదో వారానికి పధ్నాలుగు నిమిషాలకి దిగింది. రాసింది చదివించి వింటే తప్పులు కూడా తక్కువే.

అయితే ఆ ఐదు వారాల్లో సగం తెలుగుతో పడ్డ తంటాలకే సరిపోయింది. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడుంది.

పాత తెలుగు టైపు మిషన్ మీద మనం అక్షరం బొమ్మని ముక్కలుగా కొట్టేవాళ్లం. కొన్ని కీలు కొడితే క్యారేజి కదలదు, గుర్తు పడుతుంది, ఆ తర్వాతి కీతో కదులుతుంది. అలాంటి కీలకి వేరే ఏర్పాటు ఉండేది, తరచూ చెడేది కూడా అదే, నాకు అన్నం పెట్టింది కూడా అదే. కంప్యూటర్లు వచ్చాక మావాడు సర్వీసులో చివరి పదేళ్లు ఇన్‌స్క్రిప్టు పద్ధతి నేర్చుకున్నాడు. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ తయారుచేయించిన పద్ధతి అది. అన్ని భారతీయ భాషలకీ ఒకటే అమరిక: తెలుగు క ఎక్కడుందో హిందీ క, కన్నడం క కూడా అక్కడే. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడంచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. ఎఫ్ మీద గుడి, జె మీద ర. డి మీద పొల్లు. స్త్రీ అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఆరు దెబ్బలు. పలికే వరసలోనే కొట్టడం. బొమ్మని తలుచుకోనక్కర్లేదు, చెవిని నమ్ముకుంటే చాలు. చూపులేనివాడికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదని నా అభిప్రాయం. అక్షరాలని కలిపి బొమ్మ కట్టే బాధ యంత్రానిది. ఆ బాధ వాటికీ తక్కువేం కాదు. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా ఒకటి వింతగా కూడితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, సరిచేయడానికి ఆపిల్ వాళ్లు ప్రత్యేకంగా ఇంకో వెర్షన్ విడుదల చేయాల్సొచ్చింది. చిన్నప్పుడు జ్ఞా రాయలేక బెత్తం దెబ్బలు తిన్న నాకు కొంచెం ఓదార్పుగా అనిపించింది.

సరే, ఇన్‌స్క్రిప్టులో చిక్కేమిటంటే, ఇంగ్లీషుకి ఇరవయ్యారు అక్షరాలు చాలు, మనకి చాలవు. అందుకని ఇన్‌స్క్రిప్టు పెద్ద కీబోర్డులో అంచున ఉండే కీలని కూడా వాడుకుంది. సెమీకోలన్ మీద చ ఉంది. దాని పక్క కోట్ గుర్తు మీద ట. బ్రాకెట్ మీద డ. కింద ఏటవాలు గీత మీద య. ఎడమపక్క పై మూలన, ఒకటి అంకెకి అవతల, ఒ, దాని ఒత్వం. ఈ ఫోనులో ఆ అంచు కీలు లేవు. జాగా కోసం తీసేశారు. ఇంగ్లీషు రాసేవాడికి సెమీకోలన్ నెలకోసారి కావాలి, దాన్ని ఎక్కడో ఇంకో కీ వెనక దాచేస్తే వాడికి నష్టంలేదు. మనకి చ పోయింది, ట పోయింది, డ పోయింది, య పోయింది. చెట్టు లేదు, చేయి లేదు, ఇల్లు ఉంది గానీ వాకిట్లో లేదు. ఒక అనే మాట లేదు.

మావాడు మొదటిరోజు ఏం రాశాడో తెలుసా? ముందుగా ఊరి పేరు రాద్దామనుకున్నాడు. మ పడింది, ఒత్వం కోసం మూలకి వెళ్లాడు, అక్కడ కీ లేదు. మొవ్వ రాలేదు. "ఉకారం పెట్టి చూడరా" అన్నాను. మువ్వ వచ్చింది. గోపాల కూడా వచ్చింది, ఆ అక్షరాలన్నీ ఉన్నాయి. క్షేత్రయ్య ముద్ర ఉన్నదున్నట్టు పడింది. "మువ్వగోపాల వచ్చాడు గానీ మొవ్వ రాలేదురా" అని మావాడు నవ్వాడు. ఈ పని మొదలుపెట్టాక వాడు నవ్వడం అదే మొదలు.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఉంది కదా అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. ఉంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకున్న మన తెలుగువాళ్లు దానికి ఒక కట్టుబాటు ఏర్పరిచారు, తర్వాత లేఖిని వంటివి దాన్ని అందరికీ అందించాయి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు తెలుగు రాస్తున్నారంటే అది దాని చలవే. ఇరవయ్యారు కీలు చాలు కాబట్టి ఈ ఫోనుకి అతికినట్టు సరిపోతుంది. మావాడు ఒప్పుకోలేదు. మొండితనమని మీరనొచ్చు. వాడి మాట ఇది: "నొక్కినప్పుడల్లా చెవిలో ఎమ్, ఓ, వీ, వీ, ఏ అని వినపడుతుంటే నా వాక్యం నాకెక్కడ వినపడుతుందిరా?" చూపున్నవాడు తెర మీద తెలుగు చూసుకుంటాడు. వాడికి ఉన్నది చెవి ఒక్కటే. ఆ ఒక్క దారిలో ఇంగ్లీషు అడ్డంపడితే వాడు రాయలేడు. నాకది న్యాయంగానే తోచింది.

ఇంజినీరింగు చదివిన మా తమ్ముడి కొడుకు దసరా సెలవులకి వచ్చి ఈ చిక్కు విప్పాడు. ఆండ్రాయిడ్‌లో నిజం కీబోర్డుకి అమరిక మనమే తయారుచేసి ఎక్కించొచ్చట. ఆల్ట్ అనే కీ నొక్కి త కొడితే ట, ద కొడితే డ, స కొడితే ష, జ కొడితే చ, అలా దగ్గరి చుట్టాల పక్కన దగ్గరి చుట్టాలని కూర్చోబెట్టాడు. ఎత్వం మీద ఆల్ట్ కలిపితే ఒత్వం. మూడు రోజుల్లో మావాడికి పట్టుబడింది. మొవ్వ వచ్చింది. చెట్టూ, చేయీ, వాకిలీ అన్నీ వచ్చాయి. నేను సంబరపడ్డాను. కుర్రాడికి మా ఆవిడ చేత సున్నుండలు చేయించి పంపాను.

అక్కడితో అయిపోయిందనుకున్నా. కాలేదు. ఆ కుర్రాడే వెళ్లేముందు ఇంకో మాట అన్నాడు. "పెదనాన్నా, టేబుల్ దగ్గర కూర్చుని రాసేటట్టయితే ఇంత అవస్థ ఎందుకు? మామూలు ఫోనుకి చిన్న వైరు తగిలించి కంప్యూటరు కీబోర్డు పెట్టుకోవచ్చుగా." ఓటీజీ వైరంటారు దాన్ని, బందరులో ఏ సెల్ షాపులోనైనా దొరుకుతుంది. కీబోర్డు ఐదొందల్లోపు. తెచ్చాం. మావాడు రెండు చూపుడువేళ్లూ బొడిపెల మీద ఆనించి ఓ క్షణం ఆగాడు. తర్వాత నాకు వినపడింది వర్షం చప్పుడు. పదేళ్ల చేయి ఎక్కడికీ పోలేదు. అదే పేరా ఐదు నిమిషాల్లో అయిపోయింది.

అప్పుడు ఇంకో ఇబ్బంది కనపడింది. పెద్ద కీబోర్డు మీద రాస్తూ ట రావాల్సినచోట మావాడి చేయి ఆల్ట్ కోసం వెళ్లడం మొదలుపెట్టింది. మేం తయారుచేసిన అమరిక లోకంలో ఆ ఒక్క ఫోనులోనే ఉంది. అది పగిలితే ఆ నేర్పు ఎందుకూ కొరగాదు. పైగా ఉన్న నేర్పుని చెరుపుతోంది. ఇన్‌స్టిట్యూటులో మాస్టారు చెప్పేవారు, రెండు రకాల మిషన్ల మీద చేయి పెట్టొద్దని. అది నూటికి నూరుపాళ్లు నిజం.

ఫోను తాలూకు ముసలితనం కూడా ఉంది. అందులో ఆండ్రాయిడ్ పాతది, కంపెనీ కొత్తది ఇవ్వడం మానేసింది. బ్యాంకు యాప్ ఎక్కనంది. చదివి వినిపిస్తూ ఉంటే బ్యాటరీ మధ్యాహ్నానికి ఖాళీ. తెరకీ కీబోర్డుకీ మధ్య పల్చటి రిబ్బను కేబులుంటుంది, జరిపినప్పుడల్లా మడతపడుతుంది. దాని ఆయుష్షే ఆ ఫోను ఆయుష్షు. బెజవాడ దాకా వెళ్లి అడిగాను, ఆ కేబులు ఎక్కడా లేదు. మన దగ్గర గాలిలో ఉప్పుందని మీకు తెలుసు కదా. నా చేతిలో పోయిన మిషన్లు సగం ఆ ఉప్పుకే పోయాయి.

కాబట్టి నా తీర్పు అడిగితే: చేయి ఇంతకుముందు టైపు నేర్చుకున్నదైతే, కూర్చుని రాసే ఓపిక ఉంటే, పెద్ద కీబోర్డూ వైరూ కొనుక్కోండి. జరిపే ఫోను కోసం పాత సామాన్ల వెబ్‌సైట్లలో వేలకివేలు పోయకండి. టైపు ఎప్పుడూ నేర్చుకోని అమ్మకో నాన్నకో చూపు తగ్గితే మాటతో రాసేదే మేలు, ఈ వయసులో వాళ్లని ఏ ఎస్ డి ఎఫ్ దగ్గర కూర్చోబెట్టకండి. చూపూ వేళ్లూ బాగున్న కుర్రవాళ్లకి అద్దం చాలు. ఇక హెడ్‌మాస్టరుగారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక మనవి. మన బడి కంప్యూటర్లలో పిల్లలకి పది వేళ్లతో ఇన్‌స్క్రిప్టు నేర్పించండి. నెల రోజులు రోజూ అరగంట చాలు. నేర్పేవాళ్లు లేకపోతే నేనొస్తాను, డబ్బులక్కర్లేదు.

ఇంత చెప్పాక, ఆ ఫోనుని మావాడు తిరిగిచ్చేశాడనుకుంటారేమో. ఇవ్వలేదు. ఇమ్మంటే దిండు కిందికి తోశాడు. పగలు బల్ల దగ్గర కూర్చుని పెద్ద కీబోర్డు మీద రాస్తాడు. కానీ ఆ విషయాలు వాడికి పగలు గుర్తురావట. అర్ధరాత్రి వస్తాయట. లేచి బల్ల దగ్గరికి తడుముకుంటూ వెళితే చెల్లెమ్మ లేస్తుంది, ఏమైందంటుంది, లైటేస్తుంది. ఇదైతే దుప్పట్లోనే, పడుకునే, తెర ఆపేసుకుని, ఒక చెవిలో వైరు పెట్టుకుని, నాలుగు మాటలు రాసిపెట్టుకోవచ్చు. చప్పుడు లేదు, వెలుతురు లేదు. పొద్దున ఆ నాలుగు మాటలు విని, బల్ల దగ్గర పేజీ రాస్తాడు. ఆ రాత్రి మాటలు పొట్టిగా, ఆల్ట్ అక్కర్లేనివాటితోనే సర్దుకుంటాడట, చేయి పాడవకుండా. ఇందుకు పనికొస్తుందని నేను తయారుచేసిన పరీక్షలో ఎక్కడా లేదు. త్రాసులో తూచాను, గడియారం పెట్టి కొలిచాను, రాత్రిపూట కొలవాలని నాకు తట్టలేదు, వాడికి తట్టింది.

సంచిక కమిటీ వారికి ఒక చిన్న విషయం. మావాడి ఫైలు యూనికోడ్‌లో ఉంది. ప్రెస్సు వాళ్ల ఫాంటు పాత పద్ధతిది. మార్చినప్పుడు ఒత్తులు చెదిరాయి, ప్రూఫు నేను చదివి వినిపిస్తే మావాడు రెండో లైనులోనే పట్టుకున్నాడు. దిద్దినవి మళ్లీ పంపాను. ఊళ్ల పేర్లు ఒకసారి చూసుకోండి. నాగాయలంకలో గా దీర్ఘం పోకూడదని ప్రత్యేకం చెప్పమన్నాడు. ఎక్కడా వాక్యాలు సవరించొద్దని కూడా చెప్పమన్నాడు. కొన్ని వాక్యాలు మధ్యలో ఆగిపోయినట్టుంటాయి. అవి ఆగిపోయినవే, అలాగే ఉంచమన్నాడు.

ఇప్పటికి పద్దెనిమిది పేజీలయ్యాయి. నాగాయలంక దాకా వచ్చాడు. సొర్లగొంది దారి ఇంకా రాయాలి. అది సంచికకి అందదు, సంక్రాంతి నాటికి ఇస్తానన్నాడు. విడిగా అచ్చువేయడానికి అయ్యే ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది.